తొమ్మిదో భాగం ముసుగు

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. షెడ్డులో మొదటి షాటుకు లైట్లు అమరుస్తున్నారు. మా హత్యల సినిమాలో హంతకుడి వేషం వేసే అన్నకు నేను కొత్త రబ్బరు ముసుగు తొడుగుతున్నాను. ఎనిమిది భాగాలుగా ఆ వేషం ఆయనది, ముసుగు పని నాది.

"మొదటి భాగానికి జనం కళ్లు మూసుకున్నారు. ఎనిమిదోదానికి పడీపడీ నవ్వారు. ఈసారైనా భయపెట్టాలిరా తమ్ముడూ," అన్నాడు.

ముసుగు చెవుల దగ్గరే ఆగిపోయింది.

"నా తలేమైనా ఊరిందంటావా?"

"చలికి రబ్బరు బిగుసుకుందన్నా."

మూడుసార్లు లాగాం. అన్న దాన్ని తీసి లోపల తడిమాడు. ముఖం మీద అచ్చు తీసిన ముసుగులో ఆ మనిషి పోలిక దాగదు. గడ్డం దగ్గర ఆయన వేలు ఆగింది. తర్వాత నా గడ్డం మీది సొట్ట వైపు చూశాడు.

"మీవాడిదా?"

కొత్తవాడు కావాలని నిర్మాత అంటే కొడుకుని చూపించింది నేనే. అన్నకు చెప్పే పని కూడా నాకే అప్పజెప్పారు. నోరు రాక ముసుగు తొడిగాను.

"చెమట కళ్లలోకి కారుతుంది. నుదుటికి గుడ్డ కట్టుకోమను," అన్నాడు.

మావాడు పదింటికి వచ్చాడు. అన్న తొమ్మిదింటికే వెళ్లిపోయాడు.