రెండు పూతల నలుపు

“ఈ నంబరు ఎందుకు వదిలేశారు?”

అతను కాగితాన్ని బల్ల మీద పెట్టలేదు, కొట్టాడు. పెన్నుల డబ్బా పడిపోయింది. చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలెత్తి చూసి, గబుక్కున దించేసుకున్నారు. ఇలాంటప్పుడే ఆఫీసులో అందరికీ ఫైళ్ల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది.

నోటీసుల సెక్షన్ అధికారిణి కాగితం వైపు చూసింది. పురపాలక కార్యాలయంలో ఆమెను నల్లపెన్ను మేడమ్ అంటారు. ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, నోటీసుతో పాటు ఆ ఫిర్యాదు నకలు కూడా వాళ్లకు పంపాలి. పంపే ముందు రాసినవాళ్ల పేరు, ఇంటి నంబరు, సంతకం కనపడకుండా కొట్టెయ్యాలి. ఆ పని ఆమె ఇంకొకరికి అప్పగించదు. నల్ల మార్కరుతో రెండు పూతలు వేసి, ట్యూబ్‌లైటు వెలుగుకు ఎత్తిపట్టి మరీ చూస్తుంది. పదకొండేళ్లలో తన చేతి మీదుగా ఒక్క పేరు బయటికి పోలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ సంగతి ఆమే చెబుతుంది, అడక్కపోయినా.

ఇది రంగుల షెడ్డు మీద వచ్చిన ఫిర్యాదు. ఇనుప బీరువాలకు రంగు స్ప్రే కొట్టే షెడ్డు. టైపు చేయించిన ఆ ఉత్తరం ఆమెకు బాగా గుర్తుంది. ‘థిన్నరు వాసనకు ఊపిరాడటం లేదు. చిన్నపిల్లలకు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. యజమాని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడు. దయచేసి నా పేరు మాత్రం అతనికి తెలియనివ్వకండి. తెలిస్తే మళ్లీ ఆ మొహం చూడలేను.’

“పేరు కొట్టేశాం కదండీ,” అంది.

“కొట్టేశారు. పూత కూడా బాగానే వేశారు. మరి ఇదేంటి?”

అతను వేలు పెట్టిన చోట, ఉత్తరం మధ్యలో, ‘తనిఖీకి వచ్చే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అన్న వాక్యం ఉంది. దాని పక్కన పది అంకెలు, ఒక్కటీ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

ఆమె ఆ పది అంకెలనూ రెండుసార్లు చదువుకుంది. పైకి మాత్రం చిరాకు పడింది. తప్పు తమదని తెలిసిపోయిన మరుక్షణం ఆఫీసువాళ్లకు వచ్చే చిరాకు అది.

“ఎక్కడో మధ్యలో ఇరికిస్తే ఎలా కనపడుతుందండీ? నంబరు కింద, సంతకం దగ్గర రాయాలి.”

“ఓహో! తప్పు ఆవిడదన్నమాట!” అతని గొంతు హాలంతా మోగింది. “పెద్దావిడ. మిమ్మల్ని నమ్మి రాసింది. పేరు చెప్పొద్దని బతిమాలుకుంది. చదివారా అసలు?”

“చదివాను. ఇంతకీ మీరెవరు?”

“ఒకే ఇంట్లో ఉంటాం.”

“ఈ నోటీసు మీ దగ్గరికెలా వచ్చింది?”

“ఇంటికొచ్చింది.”

షెడ్డు యజమాని ఇంటి మీదికే వచ్చి నోటీసు మొహాన కొట్టిపోయాడన్నమాట, అనుకుంది ఆమె. ఇలాంటి యజమానులు ఆమెకు కొత్త కాదు.

“ఆవిడను ఏమైనా చేశాడా?”

“ఒక్క మాటన్నాడు. ‘నువ్వా?’ అని.”

“అంతేనా?”

“అంతే. అది చాలదూ? మూడు రోజులైంది, గది తలుపు తియ్యడం లేదు. ముద్ద ముట్టడం లేదు. మనవరాలు వెళ్లి తలుపు తట్టినా పలకడం లేదు. ఆ పాప కోసమే రాసిందండీ ఉత్తరం!”

“బెదిరించాడని పోలీసులకు రాసివ్వండి. కావాలంటే నేనొచ్చి సాక్ష్యం చెబుతాను.”

అతను నవ్వాడు. ఆ నవ్వు కన్నా అరుపే నయమనిపించింది ఆమెకు.

“అసలు ఎలాంటి మనిషి వాడు?”

“మూర్ఖుడు. తన పనికి అడ్డొస్తే ఎవరి మాటా వినడు. పిల్ల ఆయాసపడుతుంటే, వాతావరణం పడలేదన్నాడు. చెంపలు వాయించాల్సిన మనిషి.”

ఆమె రిజిస్టరు తిప్పింది. “ఇదిగో చూడండి, గడువింకా పన్నెండు రోజులుంది. అయినా మొన్ననే షెడ్డుకు తాళం పడింది. మా ఇన్‌స్పెక్టరు చూసొచ్చాడు. మీరు కోరింది జరిగింది కదా?”

“షెడ్డుకు తాళం పడితే ఆ గది తలుపు తెరుచుకుంటుందా మేడమ్?”

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఒక కాగితం రాసివ్వండి. ఆ నంబరు మీ పొరపాటున పడిందనీ, ఫిర్యాదు రాసింది ఇంకెవరో అనీ. స్టాంపు వేసి ఇవ్వండి. తలుపు కిందనుంచి లోపలికి తోస్తాను. వాడు అది నమ్మాడనుకుంటే చాలు, ఆవిడ తలెత్తుకుని బయటికొస్తుంది.”

“జరగనిది జరిగినట్టు రాసివ్వడం కుదరదండీ. రూల్సు ఒప్పుకోవు.”

“రూల్సా!” అతను బల్ల చరిచాడు. గోళ్ల సందుల్లో తెల్లటిదేదో గడ్డకట్టి ఉంది. “ఆవిడ నంబరు పంపేటప్పుడు ఎక్కడికి పోయాయి మీ రూల్సు? మంచినీళ్లు తాగడానికెళ్లాయా?”

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లుగా కాపాడుకొచ్చిన పరువు, ఒక్క వాక్యం మధ్యలో మునిగిపోయింది.

“అరవకండి! పోయింది ఉత్త నంబరేగా, పేరు కాదుగా! అదెవరిదో వాడికెలా తెలిసింది? ఫోన్ చేసి అడిగాడా?”

అతని అరుపు అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా జేబులోంచి ఫోన్ తీశాడు.

“అడగక్కర్లేదు మేడమ్, నోటీసు నా చేతికి రాగానే ఇలా నొక్కి చూశానంతే,” అంటూ అతను ఒక్కో అంకే నొక్కి ఆమె వైపు తిప్పిన తెర మీద ‘అమ్మ’ అని ఉంది.