కుమ్మే పొట్టేలు, మూసిన తలుపు

యూదుల గురువైన రబ్బీగారి దొడ్లో ఒక పొట్టేలు ఉండేది. కోపమొస్తే చాలు, ఎదురొచ్చిన వాళ్లనల్లా కుమ్మేసేది. ఒకరోజు అలాగే కుమ్మితే కోడిపెట్ట కాలు విరిగింది. పొట్టేలుకు సిగ్గు ముంచుకొచ్చి, కొమ్ములను గోడకేసి రుద్ది అరగదీసుకోవడం మొదలుపెట్టింది.

రబ్బీగారి పుస్తకాలు మోసే ముసలి గాడిద పరుగున వచ్చింది.

"ఆగరా తమ్ముడూ! అవి దేవుడిచ్చిన కొమ్ములు. వదిలించుకోమని మా గురువుగారు ఏనాడూ చెప్పలేదు. దేన్ని కుమ్మాలో తెలుసుకోమన్నారు."

"నా కోపానికి కూడా పనుంటుందా అన్నా?" అంది పొట్టేలు నమ్మలేక.

అంతలో ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన! వాగు పొంగి నీళ్లు దొడ్లోకి దూసుకొచ్చాయి. తలుపుకేమో బయట గడియ! కోళ్లు గొల్లుమన్నాయి. పొట్టేలుకు ఒళ్లంతా కోపం పొంగింది. పది అడుగులు వెనక్కి వేసి, ఒక్క ఉరుకున వచ్చి తలుపును కుమ్మింది. ఢాం! మళ్లీ ఢాం! మూడో దెబ్బకు గడియ ఊడి ఎగిరిపడింది. అందరూ బయటపడ్డాక, కుంటికోడిని వీపున ఎక్కించుకుని చివరగా పొట్టేలు వచ్చింది.

గట్టెక్కాక కోడి బెదురుతూనే అడిగింది: "రేపు నీకు మళ్లీ కోపమొస్తే?"

"వస్తుందక్కా, రాకుండా ఉంటుందా? కానీ నీ వైపు రాను. మూసిన తలుపు ఎక్కడుందో వెతుక్కుంటాను."