తొమ్మిదో బిళ్ల

బిళ్లలు ఎనిమిదే తిరిగొచ్చాయి.

ఎబినేజర్ వాటిని గుట్ట కింద బండమీద పేర్చి మళ్లీ లెక్కపెట్టాడు. మణుగూరు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు ఆయన పని అదే. దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల, పైకొచ్చాక వాపసు. బిళ్ల రాలేదంటే మనిషి రాలేదని అర్థం.

రిటైరయ్యాక ఇల్లు మరీ బోసిపోయింది. భార్య పోయి ఆరేళ్లు. ల్యాండ్‌లైన్ ఉంది కానీ మోగదు. అందుకే మే నెల శనివారాల్లో కాలనీవాళ్లకు అలాంటి బిళ్లలే మనిషికొకటి ఇచ్చి ఈ చిన్న గుట్ట ఎక్కించడం మొదలుపెట్టాడు. గంట నడక, మోకాళ్ల నొప్పులవాళ్లూ ఎక్కేస్తారు. కానీ దిగగానే విందు ముగిసినట్టు ఎవరి దారి వాళ్లది. వెళ్లొస్తామన్న మాట కూడా ఉండదు. అది ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

ఇవాళ మాత్రం జీపు కదల్లేదు.

"ఎన్ని తెచ్చిండ్రు సార్?" జీపు మాట్లాడిన రవీందర్ అడిగాడు.

"తొమ్మిది తెచ్చిన బిడ్డా."

జీపెక్కినవాళ్లంతా కిందికి దిగారు. కొందరు జీపులో, కొందరు నడిచి వచ్చారు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

"తెల్ల తువ్వాల ఆయన ఒకాయన ఉండె గదా," అన్నాడు రవీందర్.

"అవ్, నేను గూడ చూసిన," అంది కొత్తగా వచ్చిన టీచరు సుజాత.

తునికిపండ్లకు ఎలుగుబంట్లు వచ్చే కాలం. అందరూ మళ్లీ గుట్టెక్కారు. గొంతులు పోయేలా కేకలేశారు. ఎండ ముదిరింది. సుజాత ఎబినేజర్ చెయ్యి పట్టుకుని బండలు దాటించింది. రవీందర్ తన పూరీల్లో సగం ఆయనకు పెట్టాడు. నీడన కూర్చుని ఎవరిది ఏ ఊరో చెప్పుకొన్నారు. ఎబినేజర్ పేరు అడిగింది కూడా అప్పుడే.

మధ్యాహ్నమైనా మనిషి జాడ లేదు.

"అవతలి ఊరిదిక్కు దిగి ఉంటడు. నేను కనుక్కుంట, మీరు పోండ్రి," అన్నాడు ఎబినేజర్.

సుజాత కాగితంమీద తన నంబరు రాసి ఆయన చేతిలో పెట్టింది. "తెల్వంగనే ఫోన్ చెయ్యిండ్రి సార్. అప్పటిదాంక నాకు ముద్ద దిగదు." మిగతావాళ్లూ తమ నంబర్లు రాసిచ్చారు.

సాయంత్రం ఎబినేజర్ మొదటి నంబరు కలిపాడు. ఒక్క రింగుకే ఆమె ఎత్తింది.

"దొరికిండమ్మా, మంచిగనే ఉన్నడు," అన్నాడు, పొద్దున ఎవరికీ ఇవ్వని తొమ్మిదో బిళ్లను అరచేతిలో తిప్పుతూ.