తొమోఎ తెచ్చిన గిన్నె

పగిలిన గిన్నెలు అతికించే నా ముందు పక్కవీధి తొమోఎ మూట విప్పింది. పసివాడు అన్నం తినే పింగాణీ గిన్నె, ఏడు ముక్కలైంది.

"చెయ్యిజారిన గిన్నె ఇలా పగలదు. రాతికేసి కొట్టిందెవరమ్మా?" అని గద్దించాను.

"నేనే తాతా. మావాడి శవపెట్టె గడప దాటినప్పుడు."

అది మా ఆచారం. గిన్నె పగలగొడితే పోయినవాళ్ళు కూటికోసం తిరిగి రారు.

"మరి అతికించడమెందుకు?"

"వాణ్ణి రానివ్వండి. మీ అతుకు నిలుస్తుందా?"

"నా చేతి లక్క ఊడడమా! ఈ చెట్టుపాల లక్క తడిగాలిలోనే గట్టిపడుతుంది. మూడు నెలలు ఆరాలి, ఆపైన అతుకుల మీద బంగారు పొడి. నీ తరం దాటినా ఊడదు."

"వస్తాడు కదా తాతా?"

"రోజూ వేడన్నం పెట్టు" అన్నాను.

నేను మొట్టమొదట అతికించింది నా పెళ్ళాం గిన్నె. నలభై ఏళ్ళుగా అందులో రోజూ అన్నం పెడుతున్నాను. చల్లారాక నేనే తింటున్నాను.