వదులు టోపీ

సునందక్క ఫోను సేసేటప్పటికి యువరాజు తల యాడా తగలకుండా, మెడకింద గుండ్రటి దిండు పెట్టుకోని, కూసున్నోడు కూసున్నట్లే నిద్రపోతాండాడు.

"రేయ్, సూరత్‌లో సీరల బేరం సాలు గానీ, ఎట్లుండేవాడివి అట్ల రా. నాయినకు గుండెపోటు. ఆదోని ఆస్పత్రిలో ఏసినాము. కండ్లు తెరిస్తే నిన్నే అడుగుతాండాడు."

యువరాజు మెడకింది దిండు ఇసిరేసి లేసినాడు. వాడుండేది సూరత్‌లో యాడ? టర్కీలో! బట్టతల మీద వెంట్రుకలు నాటిచ్చుకుందామని ఇంట్లో సూరత్‌కని అబద్ధం సెప్పి పోయినాడు. ఆ తల సంగతి మీకు తెల్దు. ఎండపొద్దు వాడు ఎమ్మిగనూరులో మిద్దె ఎక్కితే, ఆదోని కోట కొండ మీదోళ్లకు కండ్లు జిగేల్మనేటివి.

ఆడి డాక్టర్లు ముందు ఉండేదంతా నున్నగా గీకినారు. ఎనకతట్టు వెంట్రుకలు పీకి ముందర నాటినారు. అవి సాలకపాయె. గడ్డం, మీసం గూడా గీకి, గదమకింది వెంట్రుకలు తీసి నాటినారు. మగ్గం అచ్చులోకి నూలు పోగులెక్కిచ్చినట్లు ఒక్కొక్కటే. తలంతా ఎర్రగా పొక్కులు, మొగమంతా వాపు.

"ఇప్పుడే పోవద్దు" అన్నాడు డాక్టరు. యువరాజు ఇనలేదు. "అట్లయితే ఈ టోపీ పెట్టుకో. వదులుగానే ఉండాల. బిగుతుది పెడితే నాటిందంతా రాల్తాది" అని గంపంత టోపీ ఇచ్చినాడు. దాన్ని పెట్టుకోని, ముందుకు ఆనుకోక, ఎనక్కు ఆనుకోక, పందిరి రాట మాదిరి నిట్టనిలువునా కూసోనే దేశాలన్నీ దాటినాడు.

ఆదోని స్టేషను బయట ఆటో బసన్న వాన్ని సూసినాడు. మీసం లేదు. సెవుల పక్క వెంట్రుక లేదు. కండ్లు సూస్తే ఉబ్బిపోయి ఉండాయి. బసన్న భుజం మీది టవాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎప్పుడప్పా పోయినాడు మీ నాయిన? నాకొక మాట సెప్పకపోతివే!"

"అన్నా, బతికే ఉండాడన్నా! నడుపు ఆటో!"

"మరి ఈ గుండు?"

"మొక్కుబడన్నా."

"మొక్కుబడి గుండుకు మీసం ఎవురు తీస్తారప్పా? కన్నోళ్లల్లో ఒకరు పోతేనే కదా మీసం తీసేది!"

యువరాజు ఆస్పత్రి వచ్చేదాకా రెండుసేతులా టోపీ పట్టుకోని కూసున్నాడు.

తలుపుకాడికి గిరిజమ్మ ఎదురొచ్చినాది. కొడుకు మూతి సూసింది, టోపీ ఎత్తి సూసింది, దబదబ రొమ్ము బాదుకునింది.

"పాపిష్టోడా! మీ నాయిన బతికుండంగానే గుండు కొట్టిచ్చుకుంటివారా!"

"మెల్లగమ్మా! గుండు గాదు. వెంట్రుకలు నాటినారు."

"నాటిన పైరు యాడరా?"

"మొలిసేకి శానా నెల్లు పడ్తాదంటమ్మా."

"నీ పైరు పాడుగాను! మీ నాయిన కంట పడనీవద్దు. ఇది సూసినాడంటే, తానే సచ్చిపోయినానని అనుకోని నిజంగానే పానం వదుల్తాడు. అదురు తగలగూడదని డాక్టరు మరీ మరీ సెప్పినాడు."

సిస్టరమ్మను అడిగి మాస్కు తెచ్చి వాని మూతికి కట్టింది. టోపీ కండ్లదాకా లాగింది. యువరాజు "అబ్బా" అన్నాడు.

"నువ్వేమన్నా తిన్న్యావామ్మా?"

"మీ నాయిన మంచం పక్కన స్టూలు దిగితే కదా తినేకి! నేను కనపడకపోతే ఆయప్ప వొప్పుకోడు."

"నేనుంటా గానీ, నువ్వు పోయి ఇంత గంజి తాగి రాపో."

గిరిజమ్మ ఎనక్కి తిరిగి సూసుకుంటానే పోయింది.

లోపల వీరేశప్ప ఇంగా సచ్చేటోని మాదిరి ఏమీ లేడు. రేపు మామూలు గదికి మారుస్తామని సిస్టరమ్మ సెప్పింది. కొడుకు అలికిడికి కండ్లు తెరిసినాడు.

"వచ్చినావా సామీ."

"వచ్చినా నాయినా."

"ఆ టోపీ ఏందిరా?"

"సలి నాయినా."

"ఆదోనిలో సలా!" ముసలాయనకు నవ్వొచ్చె. "కండ్లేంది, అట్ల ఉబ్బినాయి? ఏడిసినావా?"

"నిద్దర లేదు నాయినా, అంతే."

ఆ నవ్వు సూసి యువరాజుకు పానం లేసొచ్చింది. గండం గడిసిందనుకోని, నాయిన కాళ్లు మొక్కేకి వొంగినాడు. వదులు టోపీ! జారి మంచం మీద పడె. దాన్ని పట్టుకోబోతే యేలు తగులుకోని మాస్కు గూడా ఊడొచ్చె.

వీరేశప్ప నవ్వు ఆగిపాయె. గుండు సూసినాడు. మీసంలేని మూతి సూసినాడు.

యువరాజు అదిరిపోయి నాయిన సెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నాయినా, నీకేం గాలే! నువ్వు బతికే ఉండావు! ఇదో, నా సెయ్యి సూడు, ఎచ్చగుందా లేదా? నువ్వు బతికే ఉండావు నాయినా!"

"నేను బతికే ఉండాను లేరా" అన్నాడు వీరేశప్ప, మెల్లగా. ఆయన సూపు కొడుకు మీంచి జరిగి, పక్కన ఖాళీగా ఉండే స్టూలు మీదికి పోయింది. ఆడే నిలిసిపోయింది.

"నాకొక మాటన్నా సెప్పకుండా మీ యమ్మను మట్టి సేసొస్తివారా..."

తల పక్కనుండే మిషను కుయ్యిమని ఒకటే గీత గీసింది. సిస్టరమ్మ పరిగెత్తుకోనొచ్చింది, డాక్టరొచ్చినాడు, రొమ్ము మీద గుద్దినారు, సూదులేసినారు. గీత గీతే.

అప్పుడు గిరిజమ్మ గంజి గలాసు పట్టుకోని తలుపు తోసుకోని వచ్చినాది. "నాకు మింగుడు పడలేదురా. ఆయప్పకు రెండు గుక్కలు పోద్దామని తెస్తి. ఏం, నన్ను అడగలేదా?"