యొహన్నా మళ్ళీ ఇంటికెళ్ళలేదా?

"ఈ ఓడ కథేంటమ్మాయ్?" అన్నారు వీరభద్రంగారు, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

రాగిణి విసుక్కోలేదు. పోయిన శనివారం చెప్పింది, అంతకుముందు శనివారమూ చెప్పింది. పాపం, పెద్దాయనకి మతిమరుపు. జెర్సీ సిటీ రేవు పక్కనున్న ఈ బుల్లి మ్యూజియానికి దారి మర్చిపోకుండా రావడమే గొప్ప.

ఆయనకి కథ చెప్పడం ఇవాళే ఆఖరిసారి. ఈ గది మూసేస్తున్నారు. గాజు పెట్టెలోని ఓడ నమూనాని చేసినాయనే వచ్చి పట్టుకెళ్తాడట. వాలంటీరుగా రాగిణి పనీ ఇవాళ్టితో సరి.

"కూర్చోండంకుల్. దీని పేరు యొహన్నా. రెండొందల ఏళ్ళ కిందట రాటర్‌డామ్‌లో కట్టారు."

"ఊ."

"జావా వెళ్ళి కాఫీ, పంచదార తెచ్చేది. నెలల తరబడి ప్రయాణం."

"ఊ. ఒంటరిగానే?"

"నడిసముద్రంలో తోడెవరొస్తారంకుల్?"

ఆ ఊకొట్టడం కోసమే రాగిణి వారమంతా ఎదురుచూసేది. రూమ్మేట్లు ఉద్యోగాలొచ్చి తలో ఊరూ వెళ్ళిపోయారు. ఎమ్మెస్ క్లాసులో ఎవరు పలకరించినా ప్రాజెక్టు గురించే. ఆయన మొదటిసారి వచ్చిననాడు ఆమె ఈ పెట్టె వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడే ఫోన్‌లో అమ్మకి "బ్రహ్మాండంగా ఉన్నా" అని చెప్పి కట్ చేసింది. ఆయన ఏమీ చూడనట్టే పక్కకొచ్చి ఓడ కథ అడిగారు. చెప్పడం పూర్తయ్యేసరికి ఏడుపు ఎటుపోయిందో!

"స్టీమర్లొచ్చాక నార్వేవాళ్ళకి అమ్మేశారు, పేరు మార్చేశారు. చివరికి ఇక్కడే, న్యూయార్క్ రేవులో, తెరచాప స్తంభాలు నరికేసి, బొగ్గు నిలవచేసే పడవగా వాడుకున్నారు."

"మళ్ళీ ఇంటికెళ్ళలేదా?"

"లేదంకుల్."

ఆయన కాసేపు పెట్టెలోకి చూసి, "ఆ వెనక స్తంభం కాస్త వంకరగా లేదూ?" అన్నారు.

"చేసినాయన కళ్ళజోడు మర్చిపోయుంటాడు! ఎవరో డచ్ ముసలాయన అయ్యుంటాడంకుల్, నేనెప్పుడూ చూళ్ళేదు. తెరచాపల మీద దుమ్ము దులుపుదామన్నా కుదరదు. పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే ఉందట."

వీరభద్రంగారు పగలబడి నవ్వారు. రాగిణికి నవ్వు రాలేదు.

"అంకుల్, వచ్చే శనివారం రాకండి. ఇక్కడ ఎవరూ ఉండరు."

చెప్పినా గుర్తుంటుందా? మూసిన తలుపు ముందు నిలబడిపోతారేమోనని ఆమె బెంగ. ఇక తనకి ఊకొట్టేదెవరన్నది అంతకంటే పెద్ద బెంగ.

"అయితే శనివారం మా ఇంటికొచ్చెయ్," అన్నారాయన. "మీ ఆంటీ పప్పుచారు పెడుతుంది. కథ ఆవిడా వింటుంది."

రాగిణికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఓడ లేకుండా ఏం కథ చెప్పనంకుల్?"

వీరభద్రంగారు జేబులోంచి తాళంచెవి తీసి గాజు పెట్టె తెరిచారు.