ఇంగ్లండు ఇనుము

"దాన్ని ముట్టుకోవద్దు!"

ఉమాకాంత్ కేకకు, మోటారు సైకిలు ఇంజన్ మీద ఆనించిన చేతిని ముసలాయన మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఆదివారం ఉదయం సూరత్‌లో, ఆల్థాన్‌లోని ఒక అపార్టుమెంటు ముందు రెండు బండ్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి యాభై ఆరులో ఇంగ్లండులో పుట్టింది. రెండోది ఎనభై ఏడు నాటి జపాను బండి.

ఫ్లాటుకు ఒక్క బండికే చోటని సొసైటీ వారు తేల్చి చెప్పారు. డుమస్ రోడ్డు మీద రెండింటినీ నడిపి చూసి, నెగ్గినదాన్ని ఉంచుకుని, ఓడినదాన్ని అమ్మివేయాలన్నది బ్యాంకు అధికారి ఉమాకాంత్ నిర్ణయం. నిజానికి ఆయన మనసులో తీర్పు ఎప్పుడో అయిపోయింది.

"జపాను బండి ఒక్క తన్నుకే లేస్తుంది. పెట్రోలూ తక్కువే తాగుతుంది," అంది భార్య సుప్రజ.

"లేస్తుంది. ఇప్పటికి రెండుసార్లు ఇంజన్ విప్పించింది కూడా. దీనికి డెబ్బై ఏళ్ళు. లోపల ఒక్క మర కూడా మార్చలేదని అమ్మినాయనే చెప్పాడు. అదీ ఇంగ్లండు ఇనుమంటే!"

"దాన్ని పొగిడినదాంట్లో పదో వంతు నన్ను పొగిడినా బాగుండేది."

ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. మాసిన చొక్కా నిండా నూలు పీచు.

"జర వినుండ్రి సార్. నా పేరు బిక్షపతి. గీ ఊర్లనే లింబాయత్ బస్తీల లూములకు ఫిట్టర్ పని చేస్త. ఇందాక మీరు స్టార్ట్ చేస్తే విన్న. లోపల రాడ్డుకుండే బుష్, గా ఇత్తడి కడెం, అరిగింది. జోరుగ పోతే రాడ్డు ఇరుగుతది."

"ఇనుము లోపలికి చూసే కళ్ళున్నాయా నీకు?"

"చెవులున్నయ్ సార్. రెండు గంటలు టైమియ్యుండ్రి, మార్చి పోత. పైసల్ వద్దు."

"మగ్గాలు బిగించే చేతులతో ఈ ఇంజన్ విప్పుతావా? దీన్ని చేసినవాడి పనితనం ఎలాంటిదో తెలుసా?"

"చేసినోడు గూడ మనిషే గద సార్. తప్పు చేసిండొచ్చు."

ఉమాకాంత్ ముఖం ఎర్రబడింది.

"విన్నావా సుప్రజా! ఇంగ్లండువాడికి తప్పులు పట్టే మొనగాడు లింబాయత్ నుంచి దిగాడు!"

వాచ్‌మన్ నవ్వుతూ గేటు తెరిచాడు.

"మంచిది సార్," అన్నాడు బిక్షపతి. పోతూ పోతూ ఒకసారి ఆగి, "నెమ్మదిగనన్న పోనియ్యుండ్రి," అన్నాడు.

"ఆ పెద్దాయన మాట కాస్త వినవలసింది," అంది సుప్రజ.

ఉమాకాంత్ వినలేదు.

జపాను బండి డుమస్ దాకా వెళ్ళి చల్లగా తిరిగి వచ్చింది. ఇంగ్లండు బండి సగం దారిలో టకటకమంది. ఉమాకాంత్ వేగం తగ్గించే లోపే లోపల ఏదో ఫెళ్ళున విరిగింది.

బుధవారం నాడు, పాత బండ్ల మెకానిక్ సంపత్ ఇంజన్ విప్పి, ముక్కలను గుడ్డ మీద పరిచాడు.

"ఒక్క బుష్ పోయింది. దానితోని రాడ్డు ఇరిగింది. ఇగ మిగిలిన ముక్కల పనితనం చూడుండ్రి సార్! వెంట్రుకంత తేడా లేదు. గిసొంటి సామాన్ బజార్ల దొరకది. నాతోని గాదు. చేసినోడే మళ్ళ చెయ్యాలె."

ఇంగ్లండుకే ఉత్తరం రాయాలని ఉమాకాంత్ నిశ్చయించుకున్నాడు. ఆ కంపెనీ చిరునామా కోసం, తనకు బండి అమ్మిన సలాబత్‌పురా బట్టల వ్యాపారి నరహరికి ఫోన్ చేసి, జరిగింది చెప్పాడు.

నరహరి వెంటనే అడిగాడు.

"బిక్షపతి మీ ఇంటికి రాలేదా సార్? నేనే అడ్రసిచ్చి తోలిన."

"వచ్చాడు."

"మరి?"

"పంపించేశాను." ఉమాకాంత్ గొంతు తగ్గింది. "ఇప్పుడెక్కడున్నాడు?"

"సోమవారమే సొంతూరు సిరిసిల్లకు పోయిండు. చూపు మందగించింది, ఇగ పనిముట్టు పట్టనన్నడు. ఆఖరుకు గా ఒక్క బుష్ మార్చి పోతనని మీ కాడికొచ్చిండు."

"దానికీ, నేనడిగిన చిరునామాకూ ఏమిటి సంబంధం?"

"అమ్మేటప్పుడు అబద్ధమాడిన, మాఫ్ చెయ్యుండ్రి సార్. ఇంగ్లండు సామాన్ ఎనభై రెండులనే అరిగిపోయింది. అప్పటిసంది గా ఇంజన్ల ఉన్న ఒక్కొక్క ముక్క బిక్షపతి లింబాయత్‌ల లేత్ కాడ నిలవడి తన చేతులతోని కోసిందే."